జెండాకున్న చట్టం దాని పెట్టెకు లేదు

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి, వాషింగ్టన్.



ఒక మాజీ సైనికుడు కన్నుమూస్తే మీ శాఖ ఆ కుటుంబానికి ఒక జెండా ఇస్తుంది. 27-2008 నంబరు ఫారం నింపి ఇస్తే చాలు, డబ్బు కట్టనక్కర్లేదు. చాలా ఊళ్లలో పోస్టాఫీసులోనే దొరుకుతుంది. అయిదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవున్న ఆ జెండాను నక్షత్రాల భాగం తలవైపు, ఎడమ భుజం మీదికి వచ్చేలా శవపేటికపై పరుస్తారు. పేటికను గోతిలోకి దించేముందు తీసేస్తారు. అది నేలకు తగలకూడదు. తర్వాత పదమూడు మడతలు వేసి, నీలం మీద తెల్లటి నక్షత్రాలు మాత్రమే పైకి కనిపించే త్రికోణంగా చేసి, భార్య చేతుల్లోనో పిల్లల చేతుల్లోనో పెడతారు. ఈ పనికి కనీసం ఇద్దరు సైనికులు రావాలని 2000 జనవరి 1 నుంచి చట్టం అమల్లో ఉంది.

తెలుగువాళ్లకు ఇది పరాయి దృశ్యం కాదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు భౌతికకాయం సూర్యాపేటకు చేరినప్పుడు దానిమీద మువ్వన్నెల జెండా ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు ఆ దేశపు సైన్యంలో ఉన్నారు. మీకు రాస్తున్న లేఖ తెలుగులో ఉండటానికి అదే కారణం.

మీరిచ్చే ఆ జెండా ఎక్కడ తయారవ్వాలో చట్టం ఎంత పట్టుదలగా చెబుతుందో మీ శాఖలో అందరికీ తెలిసే ఉంటుంది. అమెరికా చట్టాల 38వ సంపుటిలో 2301వ సెక్షన్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. జెండా పూర్తిగా అమెరికాలో తయారైనదై ఉండాలి. అంతటితో ఆగలేదు. అందులోని ముడిసరుకు ఆ నేల మీదే పండాలి లేదా తయారవ్వాలి. నూలు వడకడం, నేత, అద్దకం, తుది మెరుగు, కుట్టు అన్నీ అక్కడే జరగాలి. ఈ షరతును సడలించాల్సి వస్తే ఆ నిర్ణయాన్ని మంత్రి ముప్పై రోజుల్లోగా కాంగ్రెస్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ప్రభుత్వం కొనే మిగతా జెండాలకు చాలాకాలం సగం సరుకు స్వదేశీదైతే సరిపోయేది. 2024లో వచ్చిన ఆల్ అమెరికన్ ఫ్లాగ్ యాక్ట్ దాన్నీ నూటికి నూరు శాతం చేసింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత జెండాలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగి, విదేశీ జెండాలు ఓడల్లో దిగిన సంగతి మరిచిపోని వాళ్లు తెచ్చిన చట్టమది. మంచి చట్టం.

జెండా ఇంటికి చేరాక మొదలవుతుంది అసలు ఇబ్బంది.

ఈ జెండా ఎండావానల్లో ఎగరేయడానికి పనికిరాదని మీ శాఖే చెబుతుంది. ఎక్కువగా నూలుతో చేసింది కాబట్టి తడికి, వెలుతురుకు త్వరగా పాడవుతుంది. ఒక మనిషికి ఒక్కటే ఇస్తారు. పోయినా, చిరిగినా, కాలిపోయినా మరొకటి ఇవ్వరు. అంటే దాన్ని భద్రంగా దాచుకోవడం తప్ప కుటుంబానికి వేరే దారి లేదు. దానికి కావలసింది అద్దం బిగించిన త్రికోణపు చెక్క పెట్టె. అది మీ శాఖ ఇవ్వదు, కొనుక్కోవాలి. రాబోయే యాభై ఏళ్లు జెండాను కాపాడేది ఆ పెట్టే అయినా, అది ఎక్కడ తయారవ్వాలో, కనీసం ఎక్కడ తయారైందో కొనేవాళ్లకు చెప్పాలన్న నియమం మీ వైపు నుంచి ఒక్కటీ లేదు.

భర్తను పోగొట్టుకున్న ఒక ముసలావిడ ఆన్‌లైన్ దుకాణంలో ఈ పెట్టె కోసం వెతికితే ఏం కనిపిస్తుంది? ప్రతి పెట్టె పక్కనా ఒక జెండా బొమ్మ, ఒక సైనికుడి నీడ. ‘అమెరికాలో డిజైన్ చేసింది’, ‘అమెరికా నుంచి పంపిస్తాం’, ‘మాజీ సైనికుడి యాజమాన్యంలోని సంస్థ’ అని రాసి ఉంటుంది. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ చెక్క కోసింది ఎక్కడో, అంటించింది ఎక్కడో వీటిలో ఏదీ చెప్పదు. దిగుమతి వస్తువు మీద ఏ దేశానిదో ముద్ర ఉండాలని 1930 నాటి సుంకాల చట్టం చెబుతుంది గానీ, ఆ ముద్రను వెబ్‌సైట్‌లో కూడా చూపించమని చెప్పదు. బట్టతో చేసిన వస్తువుల విషయంలో మాత్రం ఆన్‌లైన్‌లో స్వదేశీయో దిగుమతో రాయాలి. కాబట్టి జెండా కొనేవాళ్లకు ఆ సంగతి ముందే తెలుస్తుంది, చెక్క పెట్టె కొనేవాళ్లకు ఇంటికొచ్చిన అట్టపెట్టె విప్పితే గానీ తెలియదు. ఈ లోపాన్ని సరిదిద్దే బిల్లులు కాంగ్రెస్‌లో కొన్నేళ్లుగా వస్తున్నాయి.

అనుమానం ఊరికే పుట్టలేదు. సైనిక స్థావరాల్లో సైతం బ్యాక్‌ప్యాక్‌లు, పర్సులు అమ్మే కాలిఫోర్నియా సంస్థ శాండ్‌పైపర్ తన సరుకు అమెరికాలో తయారైనదని చెప్పుకుంది. అందులో అత్యధిక భాగం దిగుమతి సరుకేనని 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2022లో లయన్స్ నాట్ షీప్ అనే దుస్తుల కంపెనీ చైనా చొక్కాల లేబుళ్లు పీకి అమెరికా లేబుళ్లు పెట్టినందుకు 2 లక్షల 11 వేల డాలర్లు కట్టింది. 2024లో విలియమ్స్ సొనోమా అంతటి పెద్ద సంస్థే 31 లక్షల 75 వేల డాలర్ల జరిమానా చెల్లించింది. దేశభక్తిని చూసి కొనే మనిషిని మోసగించడం ఎంత తేలికో ఈ కేసులు చెబుతాయి. కొత్తగా భర్త పోయిన మనిషి లేబుళ్లను అనుమానిస్తూ కూర్చోలేదు.

కొలతల తికమక మరొకటి. మూడడుగులు అయిదడుగులు ఉండే మామూలు జెండాకు చేసిన పెట్టెలే బజారులో చవగ్గా, ఎక్కువగా కనిపిస్తాయి. మీరిచ్చే జెండాను మడిస్తే అడుగుభాగం దాదాపు రెండడుగులు వస్తుంది. అది ఆ చిన్న పెట్టెలో పట్టదు. పట్టించాలని కుక్కితే మడత చెదిరిపోతుంది, సైనికులు వేసిన మడత మళ్లీ అలా రాదు.

స్వదేశంలో చేసేవాళ్లు లేక కాదు ఇదంతా. ఉన్నారు, కానీ చెల్లాచెదురుగా ఉన్నారు. ఇరవై ఏళ్ల కిందట నార్త్ కరోలినా, వర్జీనియాల్లో ఫర్నిచర్ కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. చైనా మంచాలు, బీరువాలు ఎంత చవగ్గా దిగాయంటే 2005లో వాటిమీద అమెరికా ప్రత్యేక సుంకం వేయాల్సి వచ్చింది. అపలాచియన్ కొండల ఓక్, పెన్సిల్వేనియా చెర్రీ దుంగలుగా ఓడెక్కి, సామాను రూపంలో వెనక్కి వచ్చిన కాలమది. మిగిలినవాళ్లలో చాలామంది ఇంటి వెనక షెడ్డులో పనిచేసుకునే వడ్రంగులు. వాళ్లలో మాజీ సైనికులూ ఉన్నారు.

వాళ్లకు ఈ పెట్టె తేలిక పని కాదు. చూడటానికి మూడు చెక్కల త్రికోణమే. పై మూల తొంభై డిగ్రీలు, దాని జోడింపు ఎవరైనా చేస్తారు. కింది రెండు మూలలూ నలభై అయిదు డిగ్రీలు. అక్కడ రెండు చెక్కలు కలవాలంటే ఒక్కో చెక్క కొసను ఇరవై రెండున్నర డిగ్రీల మొనగా కోయాలి. మామూలు టేబుల్ రంపం నలభై అయిదుకు మించి వంగదు. కాబట్టి చెక్కను నిలబెట్టి పట్టే ప్రత్యేకమైన చట్రం ముందుగా తయారుచేసుకోవాలి. అంత పలచని మొన కొంచెం చిట్లినా అద్దంలోంచి కనబడుతుంది. అతికేటప్పుడు బిగింపు కూడా జారిపోతుంటుంది. వాల్‌నట్ చెక్కతో ఇంత ఓపికగా చేసిన పెట్టె, చెక్క పొడిని అచ్చుపోసి పైన పలచటి పొర అంటించిన దిగుమతి పెట్టె ధరకు రాదు. రావాలని ఎవరూ అడగకూడదు.

పైగా ఈ వడ్రంగుల్లో నిజాయితీ ఉన్నవాళ్లే ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని రాయడానికి జంకుతారు. 2021లో వచ్చిన లేబుళ్ల నియమం ప్రకారం వస్తువు పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా స్వదేశీదై ఉండాలి. రెండు ఇత్తడి మడతబందులు బయట దేశానివైతే ఆ మాట వాడొచ్చా అన్నది వాళ్ల భయం. ‘ఇక్కడే చేసింది, మడతబందులు దిగుమతివి’ అని ఉన్నదున్నట్టు రాస్తే నియమం ఒప్పుకుంటుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పే నాథుడు లేడు.

అందుకే మంత్రి గారూ, ప్రతి కుటుంబానికీ పెట్టె ఉచితంగా ఇమ్మని ఈ లేఖ అడగడం లేదు. ఇవ్వగలిగితే సంతోషమే. అడిగేది అంతకన్నా చిన్నది, మీ చేతిలోనే ఉన్నది. జెండాతో పాటు ఒక కాగితం ఇవ్వండి. మడిచిన జెండాకు ఏ కొలత పెట్టె కావాలో, ఎలాంటి మాటలు చూసి మోసపోకూడదో, కొనేముందు అమ్మేవాణ్ణి ఏమడగాలో అందులో రాయండి. ఓక్ చెక్క ఆవిరికి ఏళ్లు గడిచేకొద్దీ నూలు పాడవుతుందని, జెండాకూ చెక్కకూ మధ్య ఆమ్లం లేని కాగితం వేయాలని కూడా అందులో ఒక ముక్క చేర్చండి. చెక్క, అద్దం, కూలి అన్నీ స్వదేశానివేనని సంతకం పెట్టి చెప్పే తయారీదారుల పేర్లు రాష్ట్రాలవారీగా సేకరించి ప్రకటించండి. కొనేవాళ్లు చవకదే కొనుక్కుంటామంటే అది వాళ్లిష్టం, తెలిసి కొనుక్కుంటారు. మాజీ సైనికులకు పని నేర్పి జీతమిచ్చే పని చికిత్స కార్యక్రమం మీ శాఖకు ఎప్పట్నుంచో ఉంది. తోటి సైనికుల జెండాలకు పెట్టెలు చేసే పని అందులో ఎందుకు చేర్చకూడదో ఆలోచించండి. ఆన్‌లైన్ దుకాణాల్లో వస్తువు ఏ దేశానిదో చెప్పాలన్న బిల్లు మళ్లీ కాంగ్రెస్ ముందుకొచ్చినప్పుడు, ఈ కుటుంబాల తరఫున మీ శాఖ వెళ్లి సాక్ష్యం చెప్పాలి.

వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసినవాళ్లలో అత్యధికులు ఇప్పుడు డెబ్భై ఏళ్లు దాటారు. రాబోయే పదిహేనేళ్లలో పోస్టాఫీసుల నుంచి వెళ్లే మీ జెండాల్లో చాలా భాగం వాళ్లవే. ఆ కాగితం అచ్చువేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకం చాలు. ఈ సంవత్సరమే మొదలుపెట్టండి.