ఎవరి బాకీకి ఎవరి సర్టిఫికెట్లు తాకట్టు?

ప్రభుత్వం కాలేజీకి కట్టాల్సిన బాకీకి ఆడపిల్ల సర్టిఫికెట్లు తాకట్టులో ఉండటమేమిటి? ఓడలరేవులోనూ, అల్లవరం మండలంలోని చుట్టుపక్కల ఊళ్ళలోనూ కొన్నేళ్ళుగా కాలేజీ పిల్లలకి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

వైనతేయ సముద్రంలో కలిసే చోటు ఇది. ఒకపక్క ఓఎన్‌జీసీ టెర్మినల్, ఒకపక్క ఇంజనీరింగ్ కాలేజీ, మధ్యలో వేటకి వెళితే తప్ప పొయ్యి వెలగని ఇళ్ళు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక ఇలాంటి ఇళ్ళ నుంచి కూడా ఆడపిల్లలు డిగ్రీలూ బీటెక్కులూ చదివారు. ఆ మేలుని కాదనలేం. నా తగువు పథకంతో కాదు, దాన్ని నడుపుతున్న తీరుతో.

2019 తర్వాత ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు చేశారు. కన్వీనరు కోటాలో సీటొస్తే ఫీజు మేమే కడతామన్నారు. కట్టేది ఎప్పుడు? ఏడాది తర్వాతో, ఒక్కోసారి పిల్ల చదువు ముగిశాకో. ఈలోగా హాలు టికెట్టు దగ్గర ఒక పేచీ, టీసీ దగ్గర ఇంకో పేచీ. నాకు తెలిసిన ఒక అమ్మాయి, తల్లి చేపల గంప మోస్తుంది, బీటెక్ పాసై ఉద్యోగం కాగితం చేతబట్టుకుని ఒరిజినల్స్ కోసం రెండు నెలలు తిరిగింది. చివరికి తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. తర్వాతెప్పుడో ప్రభుత్వం డబ్బు వచ్చింది. మరి ఆ వడ్డీ ఎవరిస్తారు? ఏ జీవోలోనూ దానికి పద్దు లేదు. ఇంట్లో అన్నదమ్ములుంటే ఇంత దూరం కూడా రాదు, "చదివింది చాలు, సంబంధం చూడండి" అంటారు.

కాలేజీవాళ్ళు మేం జీతాలెలా ఇవ్వాలంటారు. నిజమే. అయితే వెళ్ళి అడగాల్సింది ప్రభుత్వాన్ని. ఒరిజినల్స్ అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2016లోనూ, 2018లోనూ చెప్పింది.

2021 ఏప్రిల్‌లో విద్యా దీవెన డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళ చేతికి డబ్బు రావడం మంచిదే. కానీ కోనసీమలో ఎన్ని ఇళ్ళలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఒకరింట్లో వంట చేస్తోంది! 2023లో తల్లీ బిడ్డా కలిసి ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. కువైట్‌లో ఉన్న తల్లి అమలాపురం బ్యాంకుకి ఎలా వస్తుంది? తల్లంటే ఇంటిపట్టున ఉండేదేనని అనుకుని పథకం రాస్తే ఇలాగే ఉంటుంది. 2024లో ప్రభుత్వం మారాక డబ్బు మళ్ళీ కాలేజీలకే అన్నారు. తల్లీ పోయింది. చదివే పిల్ల మాత్రం లెక్కలో మొదట్నుంచీ లేదు.

ఎందుకు ఉండకూడదు? ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో కేంద్రం వాటా అరవై శాతం. 2021-22 నుంచి దాన్ని విద్యార్థి ఖాతాకే వేసే పద్ధతి పెట్టారు. ఆ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లో. ఆయన 1913లో కొలంబియా వెళ్ళిందీ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే. 2022లో ఆయన పేరు మా జిల్లాకి పెడతామంటే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ పేరున్న జిల్లాలో పిల్లలు ఫీజు కోసం దేబిరించాల్సి రావడం గురించి అంత కోపం ఎవరికీ వచ్చినట్టు లేదు.

2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు ఆపేశారు. మగపిల్లాడైతే రాజమహేంద్రవరం వెళ్ళి నన్నయ యూనివర్సిటీలో చేరతాడు. ఆడపిల్లని పంపితే దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీకే పంపుతారు. అలాంటప్పుడు ఆ జీవో ఎవరి చదువు ఆపినట్టు?

ఒక సంగతి. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్పు ఇంజనీరింగు, డిప్లొమాల్లో చేరిన ఆడపిల్లలకే. ఇంటికి ఇద్దరి వరకూ, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు, అమ్మాయి ఖాతాలోకే వస్తాయి. మరో ప్రభుత్వ సాయంతో కలిపి తీసుకోనివ్వరు. కాబట్టి రెండున్నర లక్షల గీత దాటి రీయింబర్స్‌మెంట్ రానివాళ్ళు ముఖ్యంగా చూసుకోవాలి. చేరిన ఏడాదే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. దీని సంగతి మా పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. ఫీజు కట్టందే టీసీ ఇవ్వమంటే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడగండి. మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది. రాసివ్వలేదు. నాలుగో రోజున టీసీ ఇచ్చారు.