బోను ఉండగా విషమెందుకు?

కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో 2025 జూన్‌లో ఒక తల్లి పులి, దాని నాలుగు పిల్లలు ఒకేచోట చచ్చిపడ్డాయి. పులి ఆవును చంపింది. కడుపు మండినవాళ్లు ఆ కళేబరంలో పురుగుమందు కలిపారు. మిగిలిన మాంసం కోసం పిల్లలతో తిరిగి వచ్చిన పులి దాన్ని తిని ప్రాణం విడిచింది. ఆవు యజమానితో సహా ముగ్గురు అరెస్టయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 2023 సెప్టెంబరులో నీలగిరి జిల్లా అవలాంచి ప్రాంతంలో రెండు పులులు ఇలాగే పోయాయి. అక్కడా తన ఆవును పోగొట్టుకున్న మనిషే విషం పెట్టినట్టు తేలింది. 2024 జనవరిలో తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోతే దర్యాప్తు విషం కలిపిన పశు కళేబరం మీదికే వెళ్లింది. రాష్ట్రాలు మూడు, పద్ధతి ఒకటే.

ఈ కబురు రాజపాళయం వాసులకు దూరపు కబురు కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుకునే ఈ ఊరికి పడమటి కనుమలు పెరటి గోడలాంటివి. బూడిదరంగు పెద్ద ఉడుత కోసం 1988లో ఏర్పాటైన శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యం, మేఘమలై అడవులతో కలిసి 2021 ఫిబ్రవరిలో పులుల సంరక్షణ కేంద్రమైంది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ అడవి అవతల కేరళలోని పెరియార్ అడవులను తాకుతుంది. ఇవతల కొండ అంచు దాకా కొబ్బరి, మామిడి తోటలున్నాయి. ఆ తోటల నడుమే గొడ్డూ గోదా మేస్తాయి. చిరుతకు తోటకీ అడవికీ తేడా తెలియదు. ఇటు మన పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల అంచు పల్లెల పరిస్థితీ ఇంతే. అందుకే ఈ విషయం సరిహద్దుకు రెండు వైపులా మాట్లాడుకోవలసినది.

విషంతో వచ్చిన చిక్కేమిటంటే, అది మనిషిని చూడదు, మృగాన్నీ చూడదు. తుపాకీకి గురి ఉంటుంది, బోనుకు తలుపు ఉంటుంది. కళేబరంలో కలిపిన గుళికల మందుకు ఆ రెండూ లేవు. చిరుత కోసం పెడితే నక్క తింటుంది, ముంగిస తింటుంది, కాకి తింటుంది. నూరు గొడ్లను తిన్న రాబందు ఒక్క గాలివానకు చచ్చినట్టు అని మన సామెత. ఇప్పుడు గాలివాన కూడా అక్కర్లేదు, విషం పెట్టిన గొడ్డు ఒక్కటి చాలు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. మిగిలిన కొద్దిపాటి రాబందులకు తమిళనాట మోయారు లోయ పెద్ద ఆసరా. అవి బతికేదే కళేబరాల మీద.

రాజపాళయానికి ఇంకో బాధ కూడా ఉంది. తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కుతో ఉండే రాజపాళయం కుక్క ఈ ఊరి పేరును దేశానికి చాటింది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. తోటకు, మందకు కాపలా కాసే ఆ కుక్కే విషం పెట్టిన మాంసాన్ని ముందుగా వాసన పట్టేది. ఇక నీళ్ల సంగతి. ఊరి దాహం తీర్చే ఆరో మైలు జలాశయానికి నీరు ఈ కొండల్లోంచే వస్తుంది. వాగు ఒడ్డున విషం పెట్టినవాడు ఆ మందు చిరుత కడుపులోనే ఆగుతుందని హామీ ఇవ్వగలడా? రిజర్వు అడవి, పోరంబోకు, మేత బీడు, వాగు గట్టు ఏ ఒక్కరి సొంతమూ కావు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమే తప్పంటే, ఇక్కడ తగలబడేది పదిమంది ఇల్లు.

ఒకప్పుడు సర్కారే ఈ పని చేయించింది. తెల్లదొరల కాలంలో పులి, చిరుత, తోడేలు, రేచుకుక్కల తలకు వెల కట్టి బహుమానాలిచ్చారు. తుపాకీతో పాటు ముష్టి గింజల నుంచి తీసిన స్ట్రిక్నిన్ విషాన్నీ వాడారు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో 80 వేలకు పైగా పులులను, లక్షన్నరకు పైగా చిరుతలను చంపేశారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. ఆ దారి మూసుకుపోయింది 1972లో. ఆ ఏడు ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో క్రూరమృగాలకు విషం పెట్టడాన్ని కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరులో మన దేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అక్కడ ప్రభుత్వం మారి, 1982లో రీగన్ ఆ ఉత్తర్వును రద్దు చేశారు. మనది పార్లమెంటు చేసిన చట్టం గనుక నిలిచింది. విషం పెట్టడమూ వేట కిందికే వస్తుందని అది స్పష్టంగా చెప్పింది. పులి, చిరుత లాంటి మొదటి షెడ్యూలు జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువునైనా, పట్టుకోవడానికి ఏ దారీ లేదని తేలాకే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతితో చంపాలి.

చట్టం ఇంత గట్టిగా ఉంటే విషం ఎందుకు ఆగలేదు? గొడ్డు పోయినవాడి గుమ్మం ముందు నిలబడి చూస్తే జవాబు దొరుకుతుంది. పాలిచ్చే ఆవంటే పేదవాడికి నెలజీతం లాంటిది. పరిహారం కోసం అటవీ అధికారి రావాలి, పశువుల డాక్టరు కాగితం రాయాలి, అది ఆఫీసులు తిరగాలి. పురుగుమందు మాత్రం అటక మీదే ఉంటుంది. పైగా 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు అడవుల్లో పశువుల మేతను నిషేధించింది. కొద్ది రోజులకే సవరించి, జాతీయ పార్కులకు, అభయారణ్యాలకు, పులుల కేంద్రాలకు పరిమితం చేసింది. అడవి మేలు కోసమే ఆ తీర్పు. కానీ కొండ అంచు కాపరి లెక్క వేరుగా ఉంటుంది. హద్దు దాటిన చోట గొడ్డు చచ్చిందని చెబితే పరిహారం మాట దేవుడెరుగు, తన మీదే కేసు పెడతారేమోనని భయం. అందుకే నోరు మూసుకుంటాడు. ఆ మౌనంలోనే విషం పని మొదలవుతుంది.

కాబట్టి సర్కారు ముందుగా ఆ భయాన్ని తీసెయ్యాలి. గొడ్డు పోయిందని 24 గంటల్లో చెప్పినవాడికి, అది ఏ హద్దులో చచ్చిందన్న పేచీ పెట్టకుండా పదిహేను రోజుల్లో పరిహారం చేతిలో పెట్టాలి. మేత తప్పుంటే దాని సంగతి విడిగా చూసుకోవచ్చు. రెండు వ్యవహారాలనూ ముడిపెడితే పోయేది పులే. ఇలా చేస్తే అబద్ధపు క్లెయిములు పెరుగుతాయని అధికారులు అనవచ్చు. పంటి గాట్లు, అడుగుజాడలు, పశువుల డాక్టరు పరీక్ష ఉన్నాయి కదా. నాలుగు దొంగ కాగితాలకు అయ్యే ఖర్చు ఒక పులి ప్రాణం కంటే ఎక్కువా?

రెండోది, కళేబరానికి కాపలా. చంపిన చోటికి చిరుతైనా పులైనా ఒకటి రెండు రాత్రుల్లో తిరిగి వస్తుంది. విషం పెట్టేవాడికి దొరికే సందు అదే. కబురు అందిన పూటే అక్కడ ఒక కెమెరా కట్టి, ఇద్దరు వాచర్లను పెడితే ఆ సందు మూసుకుపోతుంది. అయితే ఆ వాచర్లకు జీతం అందాలి. మలె మహదేశ్వర కొండల్లో పులులు చచ్చాకే కదా, అక్కడి ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి నెలల తరబడి జీతాల్లేవన్న సంగతి బయటపడింది!

మూడోది, మందు అమ్మకం. 2023లో కేంద్రం మోనోక్రోటోఫాస్ ద్రవానికి, కార్బోఫ్యూరాన్ రకాల్లో చాలావాటికి స్వస్తి పలికింది. కాగితం మీది నిషేధం అడవి పక్క దుకాణం దాకా చేరిందా లేదా అన్నది వ్యవసాయ శాఖ తనిఖీ చేయాలి. పాత నిల్వలను పోగుచేసి తీసుకుపోవాలి. అమ్మిన ప్రతి డబ్బాకూ రిజిస్టరులో పేరుండాలి.

ఇక బోను సంగతి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. అంతటి ఘోరం జరిగినా, అంతమంది భక్తుల ఆగ్రహం మధ్య కూడా విషం మాట రాలేదు. బోన్లు పెట్టారు, కెమెరాలు కట్టారు, వరసగా చిరుతలను పట్టుకున్నారు. పసిబిడ్డ ప్రాణం పోయిన చోటే బోనుతో పని జరిగినప్పుడు, గొడ్డు పోయిన చోట ఎందుకు జరగదు?

పశువు పోయినవాడి కన్నీరు అబద్ధం కాదు. దాన్ని తుడిచే చెయ్యి సర్కారుది కావాలి. ఆ చెయ్యి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ ఇంకో చెయ్యి అటక మీది డబ్బా వైపు పోతుంది. శ్రీవిల్లిపుత్తూరు అడవిలో అలాంటి రోజు రాకముందే విరుదునగర్, తేని జిల్లాల అధికారులు కదలాలి. ఐదు కళేబరాలు చూశాక కమిటీ వేయడం కంటే, ఒక ఆవుకు వేళకు డబ్బివ్వడం చవక.