పరీక్షలో రాయక్కర్లేదు.. మరి ఉద్యోగంలో?

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ 2025 ఏప్రిల్‌లో జపాన్ సంస్థలతో దాదాపు 500 ఉద్యోగాలకు ఒప్పందం చేసుకుంది. నర్సింగ్, ఇంజినీరింగ్, హోటల్ రంగాలవాళ్లకు మంచి అవకాశమే. వరంగల్ కాశిబుగ్గలో ఉన్నవాళ్లయినా ఫోన్‌లోనే జపనీస్ మొదలుపెట్టొచ్చు.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. జేఎల్‌పీటీ పరీక్షలో అన్నీ ఆప్షన్లున్న ప్రశ్నలే. చేత్తో రాసే పనిలేదు. దాంతో చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాలను చూసి గుర్తుపడితే చాలనిపిస్తుంది. అసలు చిక్కు డ్యూటీలో చేరాక వస్తుంది. గబగబా రాసిన నోట్‌లో గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఏ గీత తర్వాత ఏది వస్తుందో తెలిస్తేనే దాన్ని చదవగలం. ఉదాహరణకు జపనీస్‌లో ‘ఎడమ’ అనే అక్షరం అడ్డగీతతో, దాదాపు అలాగే కనిపించే ‘కుడి’ ఏటవాలు గీతతో మొదలవుతాయి.

అందుకే రోజుకు 5 కాంజీలు చాలు.. చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు, వరుస తప్పకుండా దిద్దండి.