ఊరిని చదవని కాలేజీ ప్రణాళిక

డిగ్రీ కాలేజీకి నాణ్యతను అంచనా వేసే నాక్ బృందం వచ్చే ముందు తయారయ్యే కాగితాల్లో ‘పర్‌స్పెక్టివ్ ప్లాన్’ ఒకటి. నాక్ పెట్టుకున్న ఏడు ప్రమాణాల్లో ఆరోది పాలనకు, నాయకత్వానికి సంబంధించింది. సంస్థకు వ్యూహాత్మక ప్రణాళిక ఉందా, అమలవుతోందా అన్న ప్రశ్న అందులోనిదే. ప్రతి ఉన్నత విద్యాసంస్థా తన అభివృద్ధి ప్రణాళిక తనే రాసుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. యూజీసీ 2024లో దానికి మార్గదర్శకాలూ ఇచ్చింది. అడిగేవాళ్లు ఇంతమంది ఉన్నారు కనుక ప్రణాళికలకు కొరత లేదు. దార్శనికత, ధ్యేయం, బలాలు, బలహీనతలు అన్నీ వరసలో ఉంటాయి. ఊరి పేరు చెరిపేస్తే అది టెక్కలి కాలేజీదో కుప్పం కాలేజీదో పోల్చుకోవడమే కష్టం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి చోట్ల డిగ్రీ కాలేజీ చేసే పని అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు చేసే పనికి చాలా దగ్గర. దూరాలకు పంపలేని ఇళ్ల పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, బస్సులో వెళ్లొచ్చే దూరంలో అందే పైచదువు చాలావరకు అదే. అలాంటి కాలేజీ ప్రణాళిక చుట్టుపక్కల మండలాలను చదవడంతో మొదలు కావాలి. అందుకు కన్సల్టెంట్లు అక్కర్లేదు, కావలసిన సరంజామా చాలావరకు కాలేజీ బీరువాల్లోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక విద్యార్థి ఒక ఊరినో వార్డునో ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదిక రాయాలి. అంటే ఏటా వందలమంది పిల్లలు చుట్టుపక్కల పల్లెల్లో కుటుంబాలను పలకరిస్తున్నారు. ఎవరు ఏం పండిస్తున్నారు, ఎవరింట్లో పాడి ఉంది, ఎవరు వలస పోయారు, ఎవరి కూతురు ఇంటర్‌తో ఆగిపోయింది అన్న సంగతులు కాగితం మీదికి ఎక్కడానికి ఇదొక మంచి అవకాశం. కొన్ని నివేదికలు ఇంటర్నెట్ సెంటర్లో పుట్టినవే అయి ఉంటాయి, కాదనను. కానీ వాటిని ఎవరూ తిరిగి చదవరని తెలిసినప్పుడు పిల్లలు శ్రద్ధగా రాయాలని ఎలా ఆశిస్తాం? మార్కులు పడ్డాక బైండింగు పుస్తకాలు కట్టలుగా మూలకు చేరతాయి. ఇంకో లెక్క పరీక్షల విభాగంలోనే ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో ఫీజు కట్టినవాళ్ల జాబితానూ అదే బ్యాచి చివరి సెమిస్టర్ జాబితానూ పక్కపక్కన పెడితే మధ్యలో ఎవరు జారిపోయారో పేర్లతో సహా తేలుతుంది. ఈ జారిపోవడం ఏ గ్రూపులో ఎక్కువ, ఏ రూటు బస్సు పిల్లల్లో ఎక్కువ, పెళ్లిళ్ల సీజన్ తర్వాతనా, బ్యాక్‌లాగులు పేరుకున్నాకనా అన్నది తెలిశాకే ‘బలహీనతలు’ అనే శీర్షికకు అర్థం.

ఇలా చదివితే మూడు ఊళ్లకూ ఒకే ప్రణాళిక పొసగదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జూలైలో అక్కడ కిలో ధర వంద దాటి పోయింది, కొద్ది నెలల్లోనే కుప్పకూలింది. వేలంలో పాడిన ధరలోంచి కమీషనూ, ‘జాక్‌పాట్’ పేరుతో వ్యాపారులు పెట్టే కోతలూ పోగా రైతు చేతికి ఎంత వస్తుందన్న లెక్క బీకాం విద్యార్థికి సిసలైన కాస్ట్ అకౌంటింగ్ పాఠం. ఊరికి ఆనుకునే నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలున్నాయి. ముడిపట్టు ధర, కూలి, అప్పు, మాస్టర్ వీవర్‌తో లావాదేవీ, ఇదంతా ఎకనామిక్స్ సిలబస్‌కు బయటి విషయమేమీ కాదు. పుంగనూరు వైపు పాడి ప్రధానం. అక్కడి పొట్టి ఆవు జాతికి ఇప్పుడు దేశమంతా గిరాకీ, ధర లక్షల్లో పలుకుతోంది. దాని సంరక్షణకు పలమనేరులో పరిశోధన కేంద్రమే ఉంది. పాలకేంద్రంలో వెన్నశాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసి రైతుకు డబ్బు కడతారు. ఆ కొలత సరిగ్గా ఉందో లేదో తేల్చగల కెమిస్ట్రీ ల్యాబు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉంటే ఊరికీ కాలేజీకీ ఉండే సంబంధమే మారిపోతుంది. కుప్పం కథ వేరు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది, తెలుగుతో పాటు తమిళం, కన్నడం వినిపించే బజారు. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. ఆ రైల్లో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి పదింటికి మొదలయ్యే క్లాసు, 75 శాతం హాజరు నిబంధన ఉన్న కాలేజీ వల్ల ఒరిగేదేమీ లేదు. కుప్పం కాలేజీ ప్రణాళికలో మొదట తేల్చాల్సింది కొత్త బ్లాకు సంగతి కాదు, టైంటేబుల్ సంగతి.

ప్రణాళికను ప్రభుత్వ ప్రకటనల వెంట నడిపించాలన్న ఒత్తిడి ఈ ప్రాంతంలో మరీ ఎక్కువ. కుప్పం 1989 నుంచి చంద్రబాబునాయుడి నియోజకవర్గం కావడంతో అక్కడ విజన్ పత్రాలకు లోటు రాలేదు. 2025 జనవరిలో వెలువడ్డ ‘స్వర్ణ కుప్పం విజన్ 2029’ వాటిలో ఇటీవలిది. 2023లో పుంగనూరుకు పెప్పర్ మోషన్ అనే జర్మన్ సంస్థ విద్యుత్ బస్సుల ఫ్యాక్టరీ పెడుతుందని, పెట్టుబడి 4,640 కోట్లని ప్రకటించారు. ఇలాంటి ప్రకటన రాగానే దానికి తగ్గ కోర్సు పెడదామని ఉత్సాహపడటం సహజం. కానీ డిగ్రీ కోర్సు వయసు కనీసం మూడేళ్లు, ప్రభుత్వాల ప్రాధాన్యాలు అంతకంటే తొందరగా మారిపోతాయి. ప్రభుత్వ పత్రాన్ని కాలేజీ చదవాలి, అందులో తన పిల్లలకు పనికొచ్చేది ఏరుకోవాలి. దాన్నే తన ప్రణాళికగా మార్చుకుంటే మాత్రం మరో విజన్ వచ్చినప్పుడల్లా కొత్త బోర్డు రాయించుకోవాల్సి వస్తుంది. కమ్యూనిటీ కాలేజీ అన్న ఆలోచన కూడా మన దేశంలో ఇలాగే పలుమార్లు తలుపు తట్టింది. 1995లో పుదుచ్చేరిలో మొదలైంది, 2009లో ఇగ్నో చేపట్టింది, ఆ తర్వాత యూజీసీ తన పథకం తెచ్చింది. ఇగ్నో పథకం కొన్నేళ్లకే ఆగిపోయింది. పైనుంచి వచ్చే గ్రాంటు ఒక్కటే ఊపిరైన చోట జరిగేది అదే.

స్థానిక లెక్క చేతిలో ఉంటే ఏమవుతుందో చూడటానికి అమెరికాలోని నార్త్ కరొలైనా ఉదాహరణ పనికొస్తుంది. కనాపొలిస్ అనే ఊళ్లో పిల్లోటెక్స్ వస్త్ర పరిశ్రమ 2003 జూలై 30న మూతపడింది. ఆ చుట్టుపక్కల నాలుగు వేల మందికి పైగా ఒక్కదెబ్బన రోడ్డున పడ్డారు. వాళ్లకోసం నిలబడ్డది అక్కడి రోవన్–కబారస్ కమ్యూనిటీ కాలేజీ. వచ్చినవాళ్లలో చాలామంది హైస్కూలే పూర్తి చేయలేదని తెలిసి, కంప్యూటర్ కోర్సుల కంటే ముందు స్కూలు స్థాయి చదువుకు క్లాసులు పెట్టాల్సి వచ్చింది. అందరికీ పాత జీతమంత ఉద్యోగం దొరకలేదు, అది కాలేజీ చేతిలో ఉన్న పనీ కాదు. కానీ ఎదుట కూర్చున్నవాళ్లు ఎవరో తెలిసి పాఠం మొదలుపెట్టడం కాలేజీ చేతిలో ఉన్న పని.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. రైతు బిడ్డకు టమోటా, నేతన్న బిడ్డకు మగ్గం, పట్నం పిల్లలకేమో కృత్రిమ మేధనా? డిగ్రీ అంటే పుట్టిన చోటి నుంచి బయటపడే దారి కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. అందులోనూ మదనపల్లెలో. 1915లో అనిబిసెంట్ అక్కడ స్థాపించిన థియొసాఫికల్ కాలేజీ స్థానిక ఉపాధి లెక్కలు వేసి పుట్టింది కాదు. కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపల్‌గా ఉన్నాడు. 1919లో రవీంద్రుడు జనగణమనకు ఇంగ్లిషు అనువాదం రాసింది ఆ ఆవరణలోనే. తాలూకా కేంద్రంలోని పిల్లలకు ప్రపంచాన్ని చూపించాలన్న ఆశ ఆ కాలేజీకి పునాది, దాన్ని తగ్గించే ప్రణాళిక ఏదైనా వెనకడుగే. అయితే తాలూకాను చదవడమంటే తాలూకాలో కట్టిపడేయడం కాదు. మార్కెట్ ధరల పట్టిక మీద స్టాటిస్టిక్స్ నేర్చుకున్న పిల్ల ఆ స్టాటిస్టిక్స్‌తో బెంగళూరులో ఉద్యోగం చేయొచ్చు. వెన్నశాతం కొలవడం నేర్చిన కుర్రాడు మందుల కంపెనీ ల్యాబులో చేరొచ్చు. ఇప్పుడు జరుగుతున్నది చూస్తే అభ్యంతరం తిరగబడుతుంది కూడా. అడ్మిషన్లు తగ్గాయని చరిత్రను, సాహిత్యాన్ని, మౌలిక శాస్త్రాలను ఎత్తేసి, ఎక్కడ చూసినా అవే కంప్యూటర్ గ్రూపులు పెట్టుకుంటూ పోవడంలో ఆ పిల్లలకు దొరికే ప్రపంచమెంత? కుప్పంలోనే 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల ఊళ్లో, భాషల కోసం పెట్టిన విశ్వవిద్యాలయం పక్కన ఉన్న డిగ్రీ కాలేజీ అనువాదాన్ని ఒక చదువుగా నేర్పితే అది స్థానికమా, విశ్వజనీనమా?

రెండో అభ్యంతరం లెక్చరర్ల నుంచి వస్తుంది, వాళ్లది న్యాయమే. పోస్టులు ఖాళీ, గెస్ట్ ఫ్యాకల్టీతో నడక, ప్రిన్సిపల్ కుర్చీ కుదురుకునేలోపే బదిలీ. సిలబస్ విశ్వవిద్యాలయానిది, సీట్లు ఆన్‌లైన్ అడ్మిషన్లవి, డబ్బు కమిషనరేట్‌ది. మాకు లేని అధికారంతో ఏం ప్రణాళిక వేయమంటారు అని అడుగుతారు. అందుకే ఈ విషయంలో మొదటి బాధ్యత ప్రభుత్వానిదే. ప్రణాళిక అడిగే ముందు దానికి తగ్గ నిర్ణయాధికారం కొంతైనా కింద వదలాలి. ఏటా ఒక సర్టిఫికెట్ కోర్సు తామే రూపొందించుకునే వెసులుబాటు, టైంటేబుల్ మార్చుకునే స్వేచ్ఛ, ప్రత్యేక ఫీజుల్లోంచి కొంత భాగం ప్రణాళికలో రాసిన పనికే ఖర్చుపెట్టే హక్కు, ప్రణాళిక రాసిన ప్రిన్సిపల్‌ను దాని ఫలితం తేలేదాకా కదపకపోవడం. ఇవి పెద్ద సంస్కరణలేమీ కావు. ప్రభుత్వ కాలేజీలకు ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ కౌన్సిళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో దాతలకూ ప్రముఖులకూ వేసే కుర్చీల పక్కన పాలకేంద్రం నడిపే మనిషికి, మండీలో గుమస్తాకు, కాలేజీ మధ్యలో మానేసిన ఒక పూర్వ విద్యార్థికి కుర్చీ వేస్తే చర్చ దానంతటదే ఫ్లెక్సీలు దాటుతుంది.

ప్రణాళికను ఏ కాలేజీ అయినా ఒంటరిగా వేసుకోవాల్సిన పనీ లేదు. పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో గంట దూరమే. రెండుచోట్లా అరకొరగా నిండే గ్రూపులు రెండు నడపడం కంటే ఒకచోట ల్యాబును, ఇంకోచోట లెక్చరర్‌ను పంచుకోవడం మేలు. కుప్పం ఇంకా దూరం, దానికి తోడు ద్రావిడ విశ్వవిద్యాలయమే కావాలి. ఇలా పంచుకోవాలంటే ఏదో ఒక కాలేజీ ఒక గ్రూపును వదులుకోక తప్పదు. ఇంతవరకు వచ్చిన ప్రణాళికల్లో వదులుకునేవాటికి శీర్షికే లేదు, అన్నీ చేరుస్తూ పోయే జాబితాలే. వచ్చే వేసవిలో పిల్లలు మళ్లీ సర్వే పత్రాలు పట్టుకుని ఊళ్ల మీదికి వెళ్తారు. ఆ పత్రానికి ఈసారి ఒక పేజీ అదనంగా జతచేయొచ్చు: ఈ ఇంట్లో ఎవరైనా కాలేజీ మానేశారా, ఏ సెమిస్టర్‌లో, ఏం జరిగి ఉంటే కొనసాగేవారు. జవాబులను మూడు కాలేజీల ఐక్యూఏసీ (అంతర్గత నాణ్యతా విభాగం) సమన్వయకర్తలు జూలైలో ఒకచోట కూర్చుని కూడితే చాలు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.