బండికి ఎఫ్‌సీ సరే... మరి మనిషికి?

ప్రొద్దుటూరులో ఏ లారీ యజమానిని కదిపినా బండి ఎఫ్‌సీ తేదీ ఠక్కున చెబుతాడు. బీమా ఎప్పుడు ముగుస్తుందో, ఏ టైరు ఎప్పుడు మార్చాడో కూడా చెబుతాడు. మీ బీపీ ఎంత, ఊపిరితిత్తులు ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. దాన్ని నడిపే మనిషికి మాత్రం అయిదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్‌కు ఇచ్చే వైద్య ధ్రువపత్రమే దిక్కు. నా అభ్యంతరం అక్కడే.

పాత లారీలన్నీ తుక్కు కింద అమ్మేయాలనడం తేలికే. కానీ జమ్మలమడుగు నుంచి కడప బండలు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు, పులివెందుల నుంచి అరటి మోసే వాళ్లలో ఒక్క బండినే నమ్ముకున్న కుటుంబాలు ఎన్నో. వచ్చే బాడుగతో ఇల్లు గడవాలి, ఆ బండి పనులూ జరగాలి. వాళ్లను కొత్తది కొనమని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఎంత బాగా చూసుకున్నా పాత ఇంజిను బీఎస్-6 బండి కాలేదన్నదీ నిజమే. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త లారీల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పాతవాటిలో అది లేదు. అందుకే పాత బండి ఉన్నవాళ్లకు మరమ్మతు ఖర్చుతో పాటు ఆరోగ్యం లెక్క కూడా తెలియాలి.

పొగ చెప్పే మాట

డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఆ పొగను దగ్గర నుంచి పీల్చేది డ్రైవరు, క్లీనరు, మేస్త్రి. నల్ల పొగ వస్తోందంటే ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయిందో, ఇంజెక్టర్లో డీజిల్ పంపో సరిచూడాలనో అర్థం. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతున్నట్టు. ‘ఇంకో రెండు ట్రిప్పులు పోనీ’ అని వాయిదా వేసిన ప్రతిసారీ డీజిలూ దండగే, ఊపిరీ దండగే. సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకు, క్యాబిన్ అడుగు రేకులో కంత కనిపిస్తే పెయింటు కంటే ముందు అవి పూడ్చండి. లోడింగ్ క్యూలో గంటల తరబడి నిలబడాల్సి వస్తే ఇంజిన్ ఆపేయండి.

సీటు సంగతీ అంతే. స్పాంజి అరిగిపోయి, కింద రేకు తగిలే సీటులో రోజుకు పది గంటలు కూర్చుంటే ప్రతి గుంతా నడుముకే తగులుతుంది. కొత్త సీటుకయ్యే ఖర్చు నడుమునొప్పి మందుల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు.

షెడ్డులో జరిగేవి

మెకానిక్ షెడ్డుల్లో మామూలైపోయిన మూడు అలవాట్లు నన్ను ఎక్కువగా భయపెడతాయి. మొదటిది, బ్రేకు డ్రమ్ము విప్పి గాలి పైపుతో దుమ్ము ఊదడం. పాత రకం లైనర్లలో ఆస్‌బెస్టాస్, అంటే రాతినార ఉండే అవకాశం ఉంది. చూసి చెప్పలేం. పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు గనుల్లో తవ్విన రాతినార ఇదే. దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి ఆ కుర్రాడు ఏ షెడ్డులో పనిచేశాడో గుర్తుపెట్టుకునేవారుండరు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేని లైనర్లనే అడిగి తీసుకోవాలి.

రెండోది, పైపు నోట్లో పెట్టుకుని డీజిల్ లాగడం. ఒక్క గుక్క శ్వాసనాళంలోకి పోయినా తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. అలా జరిగితే వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వంద, రెండు వందలు పెడితే చేతి పంపు వస్తుంది.

మూడోది, గ్రీజు వదలడానికి పెట్రోలుతోనో, డీజిలుతోనో చేతులు కడుక్కోవడం. చర్మం పగిలి, దురదలు, పుండ్లు పడేది దీనివల్లే. సబ్బు చాలు.

ఏటా ఒక రోజు

నేను కోరేది పెద్దదేమీ కాదు. బండి ఎఫ్‌సీ నెలలోనే మనిషి ఎఫ్‌సీ కూడా పెట్టుకోండి. బీపీ, షుగరు, కంటిచూపు, వినికిడి పరీక్షలతో పాటు పొగలో, దుమ్ములో పనిచేసేవాళ్లు గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కళ్లెలో రక్తం కనిపిస్తే ఎఫ్‌సీ నెల కోసం ఆగొద్దు.

లారీ యజమానుల సంఘాలు, బండ్లను వరుసలో నిలబెట్టే సిమెంటు కంపెనీలు కలిసి ఏడాదికోసారి లోడింగ్ యార్డులోనే ఈ పరీక్షలు పెట్టించాలి. డ్రైవర్లు ఎలాగూ అక్కడే గంటలు గంటలు ఉంటారు కదా!

ఇంజిన్ పోతే బోరు కొట్టించవచ్చు, పిస్టన్లు మార్చవచ్చు. ఊపిరితిత్తులకు ఏ షాపులోనూ స్పేర్లు దొరకవు.