సాగే గుడ్డ – సాగని దారం

(సూది – దారం శీర్షిక)

గత కొన్ని సంచికలలో ఈ శీర్షిక క్రింద జాకెట్టు, లంగా, పైజామా, పసిపిల్లల గౌనుల కత్తిరింపు గురించి ముచ్చటించుకున్నాము. వాటిని చదివి మన టౌన్‌షిప్ సోదరీమణులు అడిగిన ప్రశ్నలలో ఒకటి మాత్రం పదే పదే ఎదురవుతున్నది. "బనీను గుడ్డను ఇంటి మిషనుపై కుట్టవచ్చునా?" అన్నదే ఆ ప్రశ్న. "కుదరదు, దానికి ఫ్యాక్టరీ మిషన్లు కావాలి" అని చాలాకాలం నేను సమాధానం చెబుతూ వచ్చాను. ఆ సమాధానం తప్పు అని తెలుసుకొనడానికి మా ఇంట ఒక కష్టం రావలసి వచ్చినది.

మా మామగారు కర్మాగారంలో ఆవిరి పైపుల నిర్వహణ విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించినవారు. పదవీ విరమణ తరువాత కూడా సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, జేబులో పెన్ను పెట్టుకొని, వరండాలో కూర్చుని పాత స్నేహితులతో మాట్లాడటం వారికి అలవాటు. పక్షవాతం వచ్చి కుడిచేయి స్వాధీనం తప్పిన తరువాత ఆ చొక్కాయే పెద్ద సమస్య అయినది. చేయి పైకి లేవదు. మామూలు చొక్కా గుడ్డ సాగదు. ప్రతి ఉదయం ఇద్దరం కలిసి చొక్కా తొడగడానికి అవస్థ పడేవారము. ఒకనాడు భుజం దగ్గర చొక్కా పర్రున చిరిగినది. "ఇక చొక్కా వద్దమ్మాయ్. ఇంట్లో పడి ఉండేవాడికి చొక్కా ఎందుకు?" అన్నారు మామగారు. ఆనాటి నుండి వరండాలోకి రావడం మానివేశారు. స్నేహితులు వస్తే తువ్వాలు కప్పుకొని నిద్రపోతున్నట్లు పడుకునేవారు.

వ్యాయామ చికిత్స చేయించడానికి వచ్చే అమ్మాయి రెండు సంగతులు చెప్పినది. ఒకటి: తొడిగేటప్పుడు బలహీనమైన చేతిని ముందు తొడగాలి, విప్పేటప్పుడు దానిని చివర తీయాలి. రెండు: ముందు పూర్తిగా తెరుచుకునే, సాగే గుడ్డతో కుట్టిన చొక్కా అయితే సుళువు. మొదటిది ఆ రోజే నేర్చుకున్నాము. రెండవది నేర్చుకొనడానికి రెండు నెలలు పట్టినది.

బనీను గుడ్డకు, చొక్కా గుడ్డకు తేడా ఎక్కడ ఉన్నదో ముందు తెలుసుకొనాలి. చొక్కా గుడ్డ పడుగు పేకలతో నేసినది. నూలు పోగులు తిన్నగా సాగి ఉంటాయి కనుక, గుడ్డను ఐమూలగా లాగితే తప్ప అది సాగదు. బనీను గుడ్డ నేసినది కాదు, అల్లినది. స్వెట్టరులో వలె ఒక ఉచ్చులో నుండి మరొక ఉచ్చు వచ్చి వరుసలు ఏర్పడతాయి. లాగినప్పుడు ఉచ్చులు రూపు మార్చుకొని వెడల్పు అవుతాయి. వదలగానే మరల దగ్గరకు వస్తాయి. చేతితో చేసే ఈ అల్లికను యంత్రానికి అప్పగించినవాడు ఇంగ్లండు దేశపు విలియం లీ. 1589 లో ఆయన మేజోళ్ళు అల్లే మగ్గాన్ని రూపొందించాడు. మన దేశంలో నేడు ఈ పరిశ్రమకు పెట్టింది పేరు తమిళనాడులోని తిరుప్పూరు.

ఈ గుడ్డను చాలా చోట్ల మీటరు లెక్కన గాక కిలో లెక్కన అమ్ముతారు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని అడిగి తెలుసుకొంటే లెక్క సులభం. 180 గ్రాముల గుడ్డ, 1.5 మీటర్ల పన్నా అయితే, ఒక మీటరు పొడవు 270 గ్రాములు తూగుతుంది. అనగా కిలోకు దాదాపు 3.7 మీటర్లు వస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారు పలుచని బనీను గుడ్డను కొనవద్దు. దానిని కత్తిరించగానే అంచులు చుట్టుకొని పోతాయి. ఇంటర్‌లాక్ అనే రెండు పొరల అల్లిక గుడ్డ ఇరువైపులా ఒకే తీరుగా ఉంటుంది, అంచులు చుట్టుకొనవు. ఓవర్‌లాక్ కుట్టును కూడా కొందరు ఇంటర్‌లాక్ అనే పిలుస్తారు కనుక దుకాణంలో స్పష్టంగా అడగాలి.

ఇక నా మొదటి ప్రయత్నం. కాలితో తొక్కే నల్లని పాత మిషను నాది; తిన్నని కుట్టు తప్ప వేరు రాదు. పాప్లిన్ చొక్కా కొలతలతోనే కత్తిరించి, మిషనులో ఉన్న 16 నంబరు సూదితో, నూలు దారంతో కుట్టివేశాను. మెడ చుట్టూ గుడ్డ సాగిపోయి తామరాకు అంచువలె అలలు తేలినది. మధ్య మధ్య కుట్లు తప్పినవి. మరునాడు మామగారి చేయి దూర్చగానే చంక నుండి నడుము వరకు దారం టపటపా తెగినది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

మామగారు ఆ చొక్కాను ఎడమచేతిలోకి తీసుకొని, తెగిన చోటు చాలాసేపు పరిశీలించారు. "గుడ్డ సాగుతోంది, దారం సాగటం లేదు. తెగక ఏం చేస్తుంది?" అన్నారు. తరువాత తన ఉద్యోగపు మాట ఒకటి చెప్పారు. "ఆవిరి పైపు వేడెక్కితే పొడుగు సాగుతుందమ్మాయ్. తిన్నగా బిగించేస్తే చీలుతుంది. అందుకని మధ్య మధ్య వంపు తిప్పి వేస్తాం. సాగినప్పుడు ఆ వంపు సర్దుకుంటుంది. నీ కుట్టులో వంపు ఏదీ?"

ఇన్నేళ్ళ కుట్టుపనిలో నాకు తోచని సంగతి అది. జిగ్‌జాగ్ కుట్టు ఎందుకు తెగదో ఆ మాటతో అర్థమైనది. వంకర టింకరగా పోయే దారంలో కొంత నిలువ ఉంటుంది. గుడ్డ సాగినప్పుడు అది తిన్నబడుతుంది. జిగ్‌జాగ్ గల మిషను ఉన్నవారు వెడల్పు 1 మిల్లీమీటరు, పొడవు 2.5 మిల్లీమీటర్లు పెట్టుకొని కుట్టితే చాలును. నా వంటి పాత మిషను గలవారు దారంలో ఆ నిలువను మరొక విధంగా సమకూర్చుకొనాలి. నేను తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతి ఇది.

1. గుడ్డను ముందుగా తడిపి, ఉతికి, నీడలో పరచి ఆరవేయాలి. నూలు అల్లిక గుడ్డ బాగా కుదించుకొని పోతుంది.

2. గుడ్డను మడిచి 4 అంగుళాల మేర గుర్తు పెట్టి అడ్డంగా లాగి చూడాలి. 5 అంగుళాలకు సులభంగా సాగి, వదలగానే వెనుకకు వస్తే చొక్కాకు పనికి వస్తుంది. ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి.

3. కత్తిరించేటప్పుడు గుడ్డ బల్ల మీద నుండి క్రిందికి వ్రేలాడరాదు. బరువుకు సాగి కొలత తప్పుతుంది.

4. మామూలు సూది మొన పోగును చీల్చుతుంది. ఒక ఉచ్చు తెగితే నిచ్చెన మెట్లవలె వరుస అంతా విడిపోతుంది. బాల్‌పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి పోగులను ప్రక్కకు తొలగించి దిగుతుంది. కుట్లు తప్పడం కూడా దీనితో చాలావరకు తగ్గుతుంది. ఈ గుడ్డకు 11 నంబరు లేదా 14 నంబరు చాలును.

5. నూలు దారం బదులు పాలియెస్టర్ దారం వాడాలి. పై దారం టెన్షన్ కొద్దిగా వదులు చేయాలి. గుడ్డను అదిమిపట్టే పాదంపై ఒత్తిడిని పైనున్న మరను త్రిప్పి తగ్గించాలి.

6. కుట్టు చిన్నదిగా, అంగుళానికి 12 పడేటట్లు పెట్టుకొనాలి. ప్రక్క కుట్లు వేసేటప్పుడు గుడ్డను సూదికి ముందు, వెనుక రెండు చేతులతో కొద్దిగా, సమానంగా సాగదీసి పట్టుకొనాలి. వదలగానే గుడ్డ దగ్గరకు వచ్చి దారం వదులుగా నిలుస్తుంది. మామగారు చెప్పిన వంపు ఇదే. దానికి 1/8 అంగుళం దూరంలో మరొక వరుస వేస్తే కుట్టు గట్టిపడుతుంది.

7. భుజం కుట్టును మాత్రం సాగదీయరాదు. అక్కడ సన్నని నూలు టేపు కలిపి కుట్టాలి. లేనియెడల చొక్కా బరువుకు భుజాలు జారిపోతాయి.

ముందుగా ముక్కలపై కుట్టి చూసి, ఆ కుట్టును బలంగా లాగి, తెగకుంటేనే అసలు గుడ్డ ముట్టుకొనాలి. ఇంటిలో పిల్లలకు బనీను కుట్టేవారు మెడకు రిబ్ పట్టీ వేస్తారు. మెడ చుట్టుకొలత 18 అంగుళాలు ఉంటే పట్టీ 15 అంగుళాలు చాలును. పట్టీని, మెడను నాలుగు భాగాలుగా గుర్తించి, ఆ గుర్తులు కలిపి, పట్టీని మాత్రమే సాగదీస్తూ కుట్టాలి. మెడను సాగదీస్తే నాకు వచ్చిన అలలే మీకు వస్తాయి.

మామగారి చొక్కాకు రెండు మార్పులు చేశాను. కుడి చంకను అంగుళం క్రిందికి దించి, ఆ చేతిని రెండు అంగుళాలు వెడల్పు చేశాను. ముందు గుండీల బదులు వెల్‌క్రో ముక్కలు పెట్టాను. సాగే గుడ్డపై నేరుగా వెల్‌క్రో నిలువదు. క్రింద పాప్లిన్ పట్టీ వేయాలి. ఉతికే ముందు వెల్‌క్రోను మూసివేయాలి, లేకుంటే దాని ముళ్ళు బనీను గుడ్డ పోగులను లాగివేస్తాయి.

అంతా కుట్టి చూపితే మామగారు మెచ్చుకొని, ప్రక్కన పెట్టారు. "ఆస్పత్రి గౌనులాగుంది" అన్నారు. నొచ్చుకొనలేదంటే అబద్ధం అవుతుంది. కానీ వారు అడిగినది న్యాయమే. తమ ఒంటికి తగిన బట్ట ఒక్కటే వారికి చాలదు. నలుగురిలో కూర్చొనదగిన చొక్కా కావాలి. చిరిగిన పాత చొక్కా ఇంకా బీరువాలోనే ఉన్నది. దాని కాలరు, గుండీల పట్టీ, జేబు జాగ్రత్తగా విప్పదీసి కొత్త చొక్కాకు అమర్చాను. గుండీలను పైకి కనిపించేటట్లు కుట్టి, కాజాలు కుట్టివేసి, వెల్‌క్రోను వాటి క్రింద దాచాను. చూపుకు ఇస్త్రీ చొక్కా, తొడిగితే బనీను.

మరునాడు ఉదయం కుడిచేతిని ముందు దూర్చి, వీపు మీదుగా త్రిప్పి, ఎడమచేతిని తొడగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు భాగాన్ని మామగారే ఎడమచేతితో అదిమి మూసుకున్నారు. అటు తరువాత జేబు తడిమి చూసుకొని, "పెన్ను ఏదమ్మాయ్?" అన్నారు. ఆ సాయంత్రం వరండాలో మూడు కుర్చీలు వేశాము.

యంత్రాలను విమర్శించిన గాంధీజీ కూడా 1924 లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. దాని పుట్టుకలో ఒక మనిషి పట్ల ప్రేమ ఉన్నదని వారి భావన. చరిత్ర ఎట్లున్నా, మా ఇంటి పాత మిషను విషయంలో ఆ మాట నిజమని నాకు తోస్తున్నది.

ఇంటిలో పెద్దవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి ఇటువంటి చొక్కా అవసరమైన యెడల, వారి చేయి ఎంతవరకు లేస్తుందో ముందు చూసి, ఆ తరువాతనే టేపు పట్టండి. అంతకన్న ముందుగా, ఎటువంటి చొక్కా కావాలో వారినే అడగండి. వచ్చే సంచికలో ఇదే గుడ్డతో పిల్లల రాత్రి దుస్తులు కత్తిరించే విధానం తెలుసుకుందాము.