నదిని పక్కకు జరిపిన నగరం

వంతెన మీద నుంచి కిందికి తొంగిచూస్తే నీళ్లుండవు... నారింజ చెట్లుంటాయి! వాటి మధ్య సైకిలు బాటలు, ఫుట్‌బాల్‌ ఆడుకునే పిల్లలు, బెంచీల మీద పేపరు చదువుకునే తాతలు. ఇంకాస్త ముందుకెళ్తే తాళ్లతో కట్టిపడేసినట్టు నేలమీద వెల్లకిలా పడుకున్న గలివర్‌. ఆయనగారి కోటు మడతల మీద నుంచి జర్రున జారుతూ కేరింతలు కొట్టే బుడతలు.

స్పెయిన్‌ తూర్పు తీరంలోని వాలెన్సియాకి కొత్తగా వెళ్లినవాళ్లని తికమక పెట్టే దృశ్యం ఇది. ఊళ్లో అడుగడుగునా రాతి వంతెనలే. వాటిలో ఒకటి 1402 నాటిది. ఇన్ని వంతెనలున్నాయి, మరి నది ఏదీ? జవాబు ఇంకా వింతగా ఉంటుంది. దాన్ని ఊరవతలికి జరిపేశారు!

1957 అక్టోబరు 14న టూరియా నది ఒక్కరోజులోనే రెండుసార్లు ఊరిమీద పడింది. మొదటి వరద తీసిందని జనం ఊపిరి పీల్చుకునేలోపే అంతకంటే పెద్దది వచ్చింది. ఎనభైమందికి పైగా చనిపోయారు. నగరం బురదమయమైంది. ఎన్ని గట్లు కట్టినా ఈ నదితో ఎప్పటికైనా ముప్పేనని తేల్చుకున్న ప్రభుత్వం, ఏకంగా దాని దారే మార్చేయాలని నిర్ణయించింది. నగరానికి దక్షిణంగా పన్నెండు కిలోమీటర్ల పొడవున కొత్త కాలువ తవ్వి, టూరియాని అందులోకి మళ్లించి సముద్రంలో కలిపారు. ఆ ఖర్చులో కొంత జనం నుంచే రాబట్టారు. వాలెన్సియాలో ఎవరు ఉత్తరం వేసినా మామూలు స్టాంపు పక్కన పావు పెసేటా స్టాంపు అదనంగా అంటించాల్సిందే. ఏళ్ల తరబడి అంటించారు కూడా.

మరి ఎండిపోయిన పాత నదిని ఏంచేయాలి? హైవే వేద్దామన్నారు అధికారులు. రాజధాని మాడ్రిడ్‌ నుంచి సముద్రం దాకా కార్లు దూసుకుపోవచ్చన్నది వాళ్ల లెక్క. ఊరివాళ్లు ససేమిరా అన్నారు. డెబ్భయ్యోదశకంలో వీధుల్లోకొచ్చి, ఆ జాగా మాది, మాకు పచ్చదనమే కావాలని పట్టుబట్టారు. జనమే గెలిచారు. ఇవాళ నగరం మధ్యలోంచి తొమ్మిది కిలోమీటర్ల పొడవునా పాకే తోట అలా వచ్చిందే. దాని చివర్లో కంటి ఆకారంలో ఒక థియేటరు, తిమింగలం అస్థిపంజరంలా ఒక మ్యూజియం, పెద్ద ఆక్వేరియం... వాటిలో చాలావాటిని గీసింది ఈ ఊరివాడే అయిన శాంటియాగో కలత్రావా. పోస్టుకార్డుల మీద కనిపించే వాలెన్సియా అదే. కానీ ఊరి అసలు రుచి తెలియాలంటే అక్కడ ఫొటోలు దిగేసి వెనక్కి వచ్చేస్తే చాలదు, పాత బస్తీలోకి నడవాలి. అదీ గురువారం నాడు.

నీళ్ల కోర్టు

గురువారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కెథడ్రల్‌ ద్వారం ముందు జనం గుమిగూడతారు. చిన్న ఇనప కటకటాలు, వాటి లోపల అర్ధచంద్రాకారంలో చెక్క కుర్చీలు. గంటస్తంభం పన్నెండు కొట్టగానే నల్లచొక్కాలు తొడుక్కున్న ఎనిమిదిమంది వచ్చి వాటిలో కూర్చుంటారు. వాళ్లు జడ్జీలు. లా చదివిన జడ్జీలు కాదు, నాగలి పట్టిన రైతులు. టూరియా నీళ్లని పొలాలకు పంచే ఎనిమిది కాలువల ఆయకట్టుదారులు తమలోంచి ఎన్నుకున్న పెద్దలు.

ఇత్తడి కొక్కెం పట్టుకున్న బంట్రోతు ఒక్కో కాలువ పేరూ పిలిచి, ఆ కాలువ మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. వంతు కాకుండా నీళ్లు పెట్టుకున్నవాడు, పక్క చేనులోకి నీళ్లు వదిలేసినవాడు, తన వాటా కాలువ పూడిక తీయనివాడు, తూము విరగ్గొట్టినవాడు... ఇలాంటివే కేసులు. లాయర్లుండరు. దరఖాస్తులుండవు. ఇద్దరూ నోటితో చెప్పుకోవడమే, అదీ స్థానిక వాలెన్సియన్‌ భాషలోనే. ఇప్పుడు ఎవరు మాట్లాడాలో అధ్యక్షుడు చెయ్యి చూపించి చెప్పడు, కాలితో చూపిస్తాడు! అక్కడికక్కడే మాట్లాడుకుని తీర్పు చెప్పేస్తారు. దానిమీద అప్పీలు లేదు.

ఈ పద్ధతిలో మెచ్చుకోవాల్సిన కిటుకు ఇంకొకటుంది. నిందితుడి పొలం నదికి కుడివైపు ఉంటే, తీర్పు ప్రతిపాదించేది ఎడమగట్టు కాలువల పెద్దలు. ఎడమవైపు వాడైతే కుడిగట్టు పెద్దలు. మనవాడు, మన కాలువవాడు అన్న మొహమాటం లేకుండా చేసుకున్న ఏర్పాటన్నమాట. నీటి వాటాల్లోనూ ఇంతే నిక్కచ్చి. ఫలానావాడికి ఇన్ని నీళ్లు అని ఉండదు. నదిలో ఉన్నదాంట్లో భాగం ఇంత అని ఉంటుంది. నది నిండుగా పారితే అందరికీ నిండు, చిక్కితే అందరికీ కోతే. చివరి ఆయకట్టుకి నీరందక గొడవలు పడే ఊళ్లు ఎరిగినవాళ్లకి దీని విలువ ఇట్టే తెలుస్తుంది.

కాలువలు అరబ్బుల కాలం నాటివి. 1238లో క్రైస్తవ రాజు హైమే ఊరిని జయించినప్పుడు మసీదు పోయి ఆ చోట కెథడ్రల్‌ లేచింది. కానీ కాలువల జోలికి, వాటి కట్టుబాట్ల జోలికి ఆయన పోలేదు. పాలకులు మారినా పైరుకి నీళ్లు కావాలి కదా! 1978 నాటి స్పెయిన్‌ రాజ్యాంగం కూడా ఇలాంటి సంప్రదాయ న్యాయస్థానాలకు చోటిచ్చింది. యునెస్కో 2009లో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే టూరిస్టులు ఆశపడినట్టు ప్రతివారం వాదోపవాదాలేం ఉండవు. చాలాసార్లు బంట్రోతు ఎనిమిది పేర్లూ పిలిచేస్తాడు, ఎవరూ రారు, నిమిషాల్లో అంతా లేచి వెళ్లిపోతారు. తగాదాలు చాలావరకు కాలువ గట్టు మీదే తెగిపోతాయి మరి.

అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే లోన్హా. పట్టు బేరాలు సాగిన పదిహేనో శతాబ్దపు భవనం. మెలితిప్పిన తాళ్లలా పైకి లేచిన రాతి స్తంభాలు చూసి తీరాలి. మోసం చేయని వర్తకుడికి సంపదా దక్కుతుంది, స్వర్గమూ దక్కుతుందని గోడల మీద చుట్టూ చెక్కారు. ఎదురుగానే సెంట్రల్‌ మార్కెట్‌. ఆకలేస్తే ఆగాల్సిన చోటు.

మాడుచెక్క కోసం పోటీ

పయెయా అంటే చాలామందికి రొయ్యలు, నత్తగుల్లలు వేసిన పసుపుపచ్చని అన్నం గుర్తొస్తుంది. వాలెన్సియావాళ్ల ముందు ఆమాట అంటే మొహం మాడ్చుకుంటారు. అసలు పయెయాలో పడేది కోడి, కుందేలు మాంసం, చిక్కుడు జాతి కాయలు, బటర్‌బీన్స్‌లాంటి గరొఫో గింజలు, టమాటా, కుంకుమపువ్వు. ఉల్లిపాయ వేస్తే అపచారం! పయెయా అంటే వాళ్ల భాషలో పెనం. వెడల్పాటి ఆ పెనం కింద నారింజ కట్టెలతో మంటపెట్టి, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చుట్టూచేరి చెక్క చెంచాలతో పెనంలోంచే తింటారు. అడుగున కరకరలాడే మాడుచెక్కకి సొకర్రాత్‌ అని పేరు. చివర్లో కొట్లాటంతా దానికోసమే. వేసవిలో తాగే ఓర్చాతా అయితే తుంగజాతి గడ్డలు నానబెట్టి రుబ్బి, పాలు తీసి పంచదార కలిపిన చల్లని పానీయం. మన రైతులు కలుపని పీకిపారేసే తుంగకి దగ్గరి చుట్టం అది.

ఆ బియ్యం పండేది నగరానికి దక్షిణాన, అల్బుఫేరా సరస్సు చుట్టూ. ఆ పేరుకి అరబిక్‌లో చిన్న సముద్రమని అర్థం. మే నెలలో నీళ్లు నిండిన మళ్లు అద్దాల్లా మెరుస్తుంటాయి. సెప్టెంబరుకి కోతలు. కొంగలు, బురదమడులు, గట్లు... గోదావరి జిల్లాలవాళ్లయితే ఇల్లు గుర్తొచ్చి ఓ క్షణం ఆగిపోతారు.

కాలువకి అటు, ఇటు

ఆ సరస్సుకీ నగరానికీ మధ్య దారిలో ఉన్న ఊళ్ల పేర్లు 2024 అక్టోబరు 29 తర్వాత ప్రపంచానికంతా తెలిశాయి. పైపోర్తా, కతర్రోహా, అల్ఫఫార్‌... ఆరోజు ఎగువన చీవా అనే ఊళ్లో ఎనిమిది గంటల్లోనే 491 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏడాదిలో ఎక్కువరోజులు ఎండిపోయి ఉండే పోయో వాగు ఒక్కసారిగా విరుచుకుపడింది. దిగువ ఊళ్లలో చాలాచోట్ల చినుకైనా లేదు. ఆఫీసుల నుంచి ఇంటికొచ్చేవాళ్లు, కారు తీద్దామని సెల్లార్‌లోకి దిగినవాళ్లు నీళ్లలో చిక్కుకుపోయారు. ప్రభుత్వం నుంచి సెల్‌ఫోన్లకు హెచ్చరిక వచ్చేసరికి రాత్రి 8 గంటల 11 నిమిషాలు. అప్పటికే పైపోర్తా వీధుల్లో కార్లు కొట్టుకుపోతున్నాయి. ఒక్క వాలెన్సియా ప్రావిన్సులోనే 220 మందికి పైగా చనిపోయారు.

పాత నగరంలో మాత్రం తోటలో ఆకు కూడా తడవలేదన్నట్టే ఉంది. టూరియాలోకి వచ్చిన వరదని కొత్త కాలువ బుద్ధిగా సముద్రంలోకి మోసుకుపోయింది. 1957 తర్వాత పెట్టిన ఖర్చుకి ఫలితం దక్కింది. కానీ ఆ పథకం కాపాడింది కాలువకి ఇటువైపున్న వాళ్లనే. అటువైపు, ఒకప్పుడు పొలాలున్న చోట ఈ యాభై అరవయ్యేళ్లలో అపార్టుమెంట్లు, షాపింగ్‌ మాల్స్‌, పారిశ్రామికవాడలు లేచాయి. వాగులు అలాగే ఉండిపోయాయి. నగర పరిధిలోనే ఉండి, కాలువకి అటువైపున్న లా తోర్రే పేటలోనూ జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాలెన్సియా ఐరోపా హరిత రాజధానిగా పేరు తెచ్చుకున్న ఏడాదే ఇది జరగడం మరో విషాదం.

తెల్లారాక నగరం కదిలింది. చీపుళ్లు, పారలు, బకెట్లు భుజాన వేసుకుని వేలమంది కుర్రకారు కాలువ మీది కాలిబాట వంతెన దాటి నడిచివెళ్లారు. రోజుల తరబడి ఇళ్లలో బురద ఎత్తిపోశారు. ఆ వంతెనకి ఇప్పుడు సంఘీభావ వంతెన అని పేరు. పరామర్శకి వచ్చిన రాజు, రాణి మీద పైపోర్తా జనం బురద విసిరారు. హెచ్చరిక ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్న ప్రాంతీయ ప్రభుత్వాధినేత కార్లోస్‌ మసోన్‌ని వదల్లేదు. నెలనెలా వీధుల్లో ఊరేగింపులు సాగాయి. చివరికి 2025 నవంబరులో ఆయన రాజీనామా ప్రకటించారు.

బొమ్మలు కాల్చే పండగ

కోపాన్నీ వెక్కిరింతనీ దాచుకునే అలవాటు ఈ ఊరికి లేదు. అందుకు వాళ్లకో పండగే ఉంది. ఫాయాస్‌! మార్చి 15 నుంచి 19 వరకూ. పూర్వం వడ్రంగులు తమ దైవం సెయింట్‌ జోసెఫ్‌ పండగకి దుకాణంలోని పాత చెక్కముక్కలన్నీ పోగేసి కాల్చేవారట, మన భోగిమంటల్లాగే. పోనుపోను వాటికి బొమ్మల రూపం వచ్చింది. ఇప్పుడు పేటపేటకీ ఓ సంఘం. కూడళ్లలో నాలుగైదంతస్తుల ఎత్తు బొమ్మలు. మంత్రులు, మేయర్లు, సినిమా తారలు... ఎవరినీ వదలరు. ఏడాదంతా కష్టపడి, లక్షల యూరోలు పోసి చేసిన ఆ బొమ్మల్ని 19వ తేదీ రాత్రి తగలబెట్టేస్తారు! 1934 నుంచి ప్రజల ఓటుతో గెలిచిన బొమ్మకి మాత్రం క్షమాభిక్ష పెట్టి మ్యూజియానికి పంపుతున్నారు. మార్చి మొదటి తేదీ నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి టౌన్‌హాలు ముందు పేల్చే టపాసుల మోత సరేసరి. దాన్ని కళ్లతో కాదు, గుండెలతో చూడాలి.

2025 పండగలో వరద కూడా బొమ్మల్లోకెక్కింది. బురదలో కూరుకుపోయిన కార్లు, పారలు పట్టిన కుర్రాళ్లు, నాయకుల మీద చురకలు... అన్నీ ఆఖరి రాత్రి మంటల్లో కలిసిపోయాయి. వాగుల కట్టడి మీద చర్చ మాత్రం తెగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు గల్ఫ్‌ నగరాల మీదుగానో, యూరప్‌ నగరాల మీదుగానో మాడ్రిడ్‌ చేరితే, అక్కణ్నుంచి హైస్పీడ్‌ రైల్లో రెండు గంటలైనా పట్టదు. మార్చిలో అయితే గదులు నెలల ముందే చూసుకోవాలి. కోర్టు చూడాలంటే గురువారం కలిసొచ్చేలా ప్రయాణం పెట్టుకోవాలి. ఆరోజు సెలవైతే బుధవారమే కూర్చుంటారు. క్రిస్మస్‌ నుంచి జనవరి 6 దాకా మాత్రం నీళ్ల కోర్టుకి సెలవులు.